వాల్మర్ డ్రైవ్‌లో కోట

మా మేనత్త సుభద్ర తెనాలి దగ్గర హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైంది. ఇంగ్లండులోని కెంట్ కౌంటీ చూడాలని ఆవిడ కోరిక. ఏళ్ళ తరబడి పిల్లలకు కోటల గురించి చెప్పాక ఒక్క కోటయినా కళ్ళతో చూడకపోతే ఎలా అనేది. వీసా ఇవ్వలేదు. వైటూకే కంప్యూటర్ పనిమీద వచ్చి సింగపూర్ యూ టీలో ఫ్లాట్ తీసుకున్న నా దగ్గరికి దిగులుగా వచ్చింది. ఓ సాయంత్రం నా వీధుల మ్యాపు పుస్తకం తిరగేస్తూ లేచి నిలబడింది. సెరంగూన్ వైపు ఒక పేటలో వీధుల పేర్లు వాల్మర్, పెన్స్‌హర్స్ట్, మెడ్‌వే. అన్నీ కెంట్ పేర్లే.

"వీసా అక్కర్లేని కెంట్ దొరికిందిరా," అంది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి యూ టీలో రైలెక్కాం. కూర్చోగానే అత్తయ్య పులిహోర డబ్బా తెరిచింది. ఎదుటి సీట్లో శ్రీకాకుళం నుంచి షిప్‌యార్డు పనికొచ్చినతను ముందుకు వంగి, "మూసీయండమ్మా, రైల్లో తింటే ఫైనేస్తారు," అన్నాడు. ఎక్కడికని అడిగితే కెంట్‌కి అంది. అతను ఆ స్టేషను తనకు తెలియదనీ, దాటిపోకుండా చూసుకోమనీ చెప్పాడు.

ఆంగ్ మో కియోలో దిగి, బస్టాపులో పులిహోర ముగించి, బస్సు పట్టుకున్నాం. వాల్మర్ డ్రైవ్‌లో అన్నీ రెండంతస్తుల ఇళ్ళే. అత్తయ్య మాత్రం కోటకోసం వెతుకుతూనే ఉంది. ఒక గేటు దగ్గర ఆగేసరికి, జుట్టు నెరిసిన చైనీస్ ఆవిడ నవ్వుతూ వచ్చి లోపలికి రమ్మంది. గేటు పక్కన అద్దెకిచ్చే బోర్డు ఉందన్న సంగతి నేను అప్పుడు గమనించలేదు. ఎంత మర్యాదో అనుకుంటూ అత్తయ్య చెప్పులు విప్పింది.

ఆవిడ ఒక్కో గదీ చూపించింది. గోడలు మరీ దళసరిగా లేవేమని అత్తయ్య అడిగితే, గట్టివేనంటూ పిడికిలితో కొట్టి చూపించింది. పెరట్లోకి వెళ్ళాక చుట్టూ నీళ్ళు ఉండాలి కదా అంది అత్తయ్య. ఆవిడ మొహం పాలిపోయింది. పెద్ద వానొస్తే వెనక కాలువ పొంగుతుందని ఒప్పుకుంది.

"అగడ్త ఉందిరా!" అంది అత్తయ్య నాతో, సంతోషంగా.

నీళ్ళొస్తాయంటే మురిసిపోయే అద్దెదార్లను ఆవిడ ఎన్నడూ చూసి ఉండదు. అనుమానంగా, ఎప్పుడు దిగుతారని అడిగింది. అప్పుడు నాకు విషయం అర్థమై, తల దించుకుని క్షమాపణ చెప్పుకున్నాను. అత్తయ్య మాత్రం తడబడలేదు. వాల్మర్ అంటే సముద్రపు ఒడ్డున కోట అనీ, శత్రువులు ఓడల్లో వస్తారన్న భయంతో ఒక రాజు కట్టించాడనీ, పైనుంచి చూస్తే రాతి రేకుల పువ్వులా ఉంటుందనీ తన హైస్కూలు ఇంగ్లీషులో చెప్పింది.

ఇంటావిడ కుర్చీలో కూలబడింది. "పెళ్ళయినప్పట్నుంచి ఇక్కడే ఉన్నాను. వాల్మర్ అంటే ఎవరో కాంట్రాక్టరనుకున్నా లా," అంది సింగపూర్ యాసలో. లేచి వెళ్ళి గోడ మీదుగా ఇరుగుపొరుగుల్ని కేకేసింది.

కారు పెట్టుకునే చోట కుర్చీలు వేశారు. డబ్బాపాలతో టీ వచ్చింది. అత్తయ్య నిలబడి పాఠం చెప్పింది. రిటైరయ్యాక ఆ గొంతు నేను వినడం అదే మొదలు. ఒక ముసలాయన చెయ్యెత్తి మరీ ప్రశ్న అడిగాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని జవాబు చెప్పింది.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. కెంట్ ఎలా ఉందని అడిగాను.

"మనుషులు మంచివాళ్ళురా," అంది కొంగుతో విసురుకుంటూ. "కానీ ఇంగ్లండులో ఇంత ఉక్కపోస్తుందని ఏ పుస్తకంలోనూ రాయలేదు."