తౌఫీక్ ఒప్పుకున్న గోల్

2007లో మూడూళ్ల ఫుట్‌బాల్ లీగ్ వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు క్లబ్బుల రికార్డులన్నీ అందులో ఉన్నాయి. గద్వాలలో చీరలకు ఫాల్స్ కుట్టే కుబ్రా బేగం మిషన్ ఆపి ఆ పుస్తకం పేజీ పేజీ తిప్పింది. గోల్ పడకుండా వరుసగా ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన గోల్‌కీపర్ వనపర్తి దేవదాసు అని, తొమ్మిది మ్యాచ్‌లని ఉంది. తన భర్త తౌఫీక్ పేరు ఎక్కడా లేదు.

తౌఫీక్ గద్వాల క్లబ్బుకు జీతం మీద ఆడిన గోల్‌కీపర్. 2003లో వరుసగా పదకొండు మ్యాచ్‌లు గోల్ పడనీయలేదని ఆయనతో ఆడినవాళ్లంతా చెప్పేవారు. రెండేళ్లకు పచ్చకామెర్లతో పోయాడు.

కుబ్రా పుస్తకం పట్టుకుని లీగ్ కార్యదర్శి అబ్రహాం దగ్గరికి వెళ్లింది.

"పాత రిజిస్టర్ వానకు తడిసి పోయిందమ్మా. కాగితం లేంది ఎట్ల రాస్తం?" అన్నాడాయన.

"తెస్తే రాస్తరా సార్?"

"తే. రాస్త."

మర్నాడే వనపర్తి బస్సెక్కింది. పెబ్బేరు సంత రోజు కావడంతో ఎడ్ల మధ్య బస్సు గంట సేపు ఆగిపోయింది. చేరేసరికి దేవదాసు మైదానంలో చిరిగిన నెట్ కడుతున్నాడు.

"దేవదాసు భయ్యా, నేను తౌఫీక్ భార్యను. నీ పేరు తీసేయమని అడగనీకి రాలే. ఆయన ఎన్ని ఆడిండో నీకు తెలుసా?"

దేవదాసు నెట్ వదిలేసి దగ్గరికొచ్చాడు.

"నాకంటె ఎక్కువే భాభీ. ఎన్నో నాకు తెల్వదు. ఆ ఏడాది మ్యాచ్‌లన్నిటికీ రెఫరీ కృష్ణయ్య సారే. నాగర్‌కర్నూల్ల ఉంటడు, ఒక్క కాగితం గూడ పారేయడు. పా, నేనూ వస్త."

తన రికార్డు పోతుందని తెలిసీ ఆ మనిషి కుబ్రాతో పాటు నాగర్‌కర్నూలు బస్సెక్కాడు.

కృష్ణయ్య రిటైరైన డ్రిల్లు మాస్టరు. ఇనుప పెట్టె తెరిచి, ఆ ఏటి మ్యాచ్ రిపోర్టుల కార్బన్ కాపీలు చాప మీద వరసగా పరిచాడు. దేవదాసు ఒక్కొక్కటే చదివాడు. పది కాగితాల్లో గద్వాల మీద గోల్ లేదు. పదకొండో దాని దగ్గర ఆగాడు.

"ఎనభై ఎనిమిదో నిమిషంల ఒకటి పడింది భాభీ."

"కాదు. అది గోల్ కాదని అందరూ అంటరు," అంది కుబ్రా.

కృష్ణయ్య తల అడ్డంగా ఊపాడు. "బంతి గీత దాటిందమ్మా. మీ టీమోళ్లు నా మీదికొచ్చిన్రు. తౌఫీకే అడ్డం నిలబడి, 'దాటింది సార్, నేను చూసిన, గోల్ ఇయ్యుర్రి' అన్నడు. ఆ మాట కింద రాసిన, చూడు."

కుబ్రా ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఇంటికొచ్చాక ఆయన ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, పదకొండు కాగితాలకూ జిరాక్సులు తీయించింది.

అబ్రహాం అన్నీ చూశాడు. "ఊరంత పదకొండనే అంటరు గదమ్మా. గదే రాస్త తీ. ఎవరు అడుగుతరు?"

"వద్దు సార్. పదే రాయుర్రి. ఆ గోల్ ఆయనే ఒప్పుకున్నడు."

"మీ క్లబ్బోళ్లు నిన్ను తిడ్తరు."

"తిట్టనీయుర్రి. కాగితం చూపిస్త."

తిట్టారు కూడా. తౌఫీక్‌తో ఆడిన ఇద్దరు ఇంటి ముందుకొచ్చి, భర్త గొప్పను నువ్వే తగ్గించావని గొడవ పెట్టుకున్నారు. కుబ్రా వాళ్లను కూర్చోబెట్టి, కృష్ణయ్య రాసిన చివరి మూడు లైన్లు చదివి వినిపించింది. ఒకతను లేచి వెళ్లిపోయాడు. రెండోవాడు, "నేనే రెఫరీ కాలర్ పట్టిన ఆ రోజు," అన్నాడు తల దించుకుని.

2008 పుస్తకంలో గద్వాల తౌఫీక్, పది మ్యాచ్‌లు అని అచ్చయింది. దాని కింద వనపర్తి దేవదాసు, తొమ్మిది. కుబ్రా రెండు పుస్తకాలు తీసుకుంది. ఒకటి తనకు, ఇంకొకటి దేవదాసుకు.