పసుపు పెట్టిన కూపన్లు

టీపొడి పాకెట్ మూల కత్తెరతో కత్తిరించగానే ముక్కుకు తగిలే ఆ ఎండు వాసన నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పొద్దున్నే టీ పెట్టుకునే మనిషికి అంత చిరాకేమిటని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. పాకెట్ తెరవగానే నా వేళ్లు వాటంతటవే లోపల ఒక చీటీ కోసం వెతుకుతాయని వాళ్లకెలా చెప్పను? గులాబీ రంగు కాగితం, నడుమ ఆవిరి పోతున్న కప్పు బొమ్మ, వెనకవైపు కళ్లు చికిలిస్తే తప్ప కనపడని ఇంగ్లీషు అక్షరాలు. అలాంటి చీటీలు వంద తెస్తే కిరసనాయిలు స్టవ్ ఉచితంగా ఇస్తామని ఒక టీ కంపెనీ మా మూడు ఊళ్లలో గోడలకు కాగితాలు అంటించింది. డెబ్బైల చివర్లోని మాట అది, నేను ఆరో తరగతిలో ఉన్నాను.

మా అమ్మవాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మను కుప్పంలో ఇచ్చారు, చిన్నమ్మను పుంగనూరులో, నడిమిదైన మా అమ్మను మదనపల్లెలో. ఉత్తరమంటే క్షేమసమాచారమని లోకమంతా అనుకునే రోజుల్లో ఈ ముగ్గురూ క్షేమాన్ని ఒక్క లైనులో ముగించి మిగతా పోస్టుకార్డంతా ధరలు రాసుకునేవాళ్లు. చింతపండు, బెల్లం, కందిపప్పు, కొబ్బరినూనె, బట్టల సబ్బు. పిల్లలకు జ్వరాలొచ్చినా, ఆవు ఈనినా ఆ కబురు కార్డు అంచున నిలువుగా, ఇరుకుగా ఉండేది. పోస్టుమాను దారిలోనే చదివేసి మా గడప ముందు నిలబడి, "కుప్పంలో బెల్లం ధర దిగిందంటమ్మా" అని ముందే చెప్పేసేవాడు. ఆ ధరల సంగతి విన్నాక మా వీధి ఆడవాళ్లు కొందరు కార్డు వచ్చేదాకా అంగడికి పోవడం మానేశారు.

కార్డు అందిన సాయంత్రం మా అమ్మ తల దువ్వుకుని, గుడ్డ సంచి మడిచి చంకలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మునెప్ప అంగడికి బయలుదేరేది. పండుమిరప గోతాల ఘాటు, బెల్లం దిమ్మెల చుట్టూ ఈగల రొద, కిరసనాయిలు డబ్బా పక్కనే పెట్టినందుకు ఆ వాసన పట్టిన కొబ్బరికాయలు. మార్కెట్‌లో మాగిన టమోటాల పులుపు గాలిలో వచ్చి వీటన్నిటితో కలిసేది. అమ్మ ఆ కార్డును తీసుకెళ్లి సరిగ్గా తక్కెడ పళ్లెంలో పెట్టేది.

"సూడు మునెప్పా, మా అక్క సేతిరాత. కుప్పంలో ఈ ధరకే ఇస్తాండారు. నువ్వు యాల ఎక్కువ తీసుకుంటాండావు?"

"అట్లయితే కుప్పంలోనే కొనుక్కోపోమ్మా!"

"బస్సు చార్జి నువ్విస్తావా? ఇస్తే రేపే పోతా."

వెనక నిలబడిన వాళ్లు నవ్వేవాళ్లు. మునెప్ప గొణుక్కుంటూనే దిగొచ్చేవాడు. మరుక్షణం వెనకనుంచి "మాకూ అదే ధర" అని నాలుగు గొంతులు లేచేవి. మా బంధువుల్లో మగవాళ్లు దీన్ని పిసినారితనం అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది. రోజూ బీడీలకూ, పేకాటకూ పోయేదాన్ని ఎవరూ ఎంచలేదు. సబ్బు బిళ్ల మీద పది పైసలు మిగిల్చిన ఆడది మాత్రం పిసినారి!

స్టవ్ మా కోసం కాదు, చిన్నమ్మ కోసం. పుంగనూరులో ఆమె వంటిల్లు కిటికీ లేని చిన్న కొట్టు. వానాకాలంలో పచ్చి కట్టెలు మండక ఊదుగొట్టంతో ఊది ఊది, సంకటి కెలికేసరికి ఆమె కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి, దగ్గు ఒకసారి పట్టుకుంటే గోడకు ఆనుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పొగ దగ్గర కూర్చుంటే మందులు పని చేయవని తెగేసి చెప్పింది. చిన్నాయనేమో, "కట్టెలు ఊరికే వస్తాండాయి గదా, స్టవ్వెందుకు?" అని ఆ మాట అక్కడే తుంచేశాడు. ఆయన ఒక్కరోజైనా ఆ పొయ్యి ముందు కూర్చున్న పాపాన పోలేదు. గోడ మీద కంపెనీ కాగితం చూసిన రోజే ముగ్గురు అక్కచెల్లెళ్లూ, ఒకరినొకరు అడక్కుండానే, ఆ టీపొడికి మారిపోయారు.

ఇక మొదలైంది కూపన్ల వేట. టీ తాగని మా నాయన కూడా పొద్దునా సాయంత్రం తాగక తప్పలేదు. పక్కింటివాళ్ల దగ్గర చీటీకి గుప్పెడు సెనక్కాయలిచ్చి నేనే వసూలు చేసుకొచ్చేదాన్ని. గచ్చకాయలాటలో కూడా పందెం కూపనే. ఒకసారి వరసగా మూడు పాకెట్లలో చీటీ లేదు. అమ్మ నాలుగో పాకెట్‌ను అంగట్లోనే వెలుతురుకు ఎత్తి చూస్తే, అడుగున సన్నగా కోసి మళ్లీ మైదా పూసి అంటించి ఉంది. ఆ రోజు ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపించింది. మునెప్ప గల్లాపెట్టె అడుగునుంచి మూడు చీటీలు తీసి, తల వంచుకుని చేతిలో పెట్టాడు. మా అమ్మ ముందు నెగ్గుకొచ్చే అంగడివాడు ఈ భూమ్మీద లేడని నేను నమ్మాను.

ఏడాదిన్నరకు వంద నిండాయి. అది శ్రావణం. వరలక్ష్మి వ్రతానికి పెద్దమ్మా చిన్నమ్మా మా ఇంటికే వచ్చారు. బయట తుంపర, లోపల పెనం మీద ఓళిగలు కాలుతున్న నేతి వాసన, కొత్త చీరల గంజి గరగర. మా వైపు ఏ కొత్త వస్తువైనా, పెళ్లి శుభలేఖైనా, బడి పుస్తకమైనా, నాలుగు మూలలా పసుపు అద్దకుండా వాడరు. కూపన్ల కట్ట కలశం ముందు పెట్టి, ముగ్గురూ చుట్టూ కూర్చుని, ఒక్కొక్క చీటీకి నాలుగు మూలలా తడి పసుపు, నడుమ కుంకుమ బొట్టు పెట్టారు. చిన్నమ్మ దగ్గు ఆపుకుంటూ పెట్టింది. ఆరడానికి వాటిని చాప మీద పరిస్తే నడవడానికి దారి లేకపోయింది.

కంపెనీ వాళ్లు కుప్పం బజారులో వ్యాను పెట్టి స్టవ్‌లు ఇస్తారని పెద్దమ్మ కార్డు రాసింది. నేనూ అమ్మా మదనపల్లెలో బస్సెక్కితే, చిన్నమ్మ పుంగనూరులో అదే బస్సు ఎక్కింది. పలమనేరు దాటాక ఆమె, స్టవ్ వస్తే దాన్ని ఏ మూల పెట్టాలో నాకు చేత్తో చూపించడం మొదలుపెట్టింది, కుప్పం దాకా ఆపలేదు. వ్యాను ముందు బల్ల మీద స్టవ్‌లు వరసగా మెరుస్తున్నాయి. మా వంతు వచ్చేసరికి ఆమె ఒకదాని ఇత్తడి ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడింది.

బల్ల వెనక మనిషి కట్ట విప్పి, మొహం చిట్లించి, "ఇవి చెల్లవు" అన్నాడు.

"యాల సెల్లవు? వంద ఉండాయి. లెక్క పెట్టుకో," అంది అమ్మ.

"రంగు మరకలున్నాయి."

"మరకా? అది పసుపప్పా! పసుపు పెట్టనిది మా ఇంట్లో ఏముండాది?"

పెద్దమ్మ కూడా అందుకుంది. వెనక వరసలో వాళ్లు మాకు వంత పాడారు. ఆ మనిషి కాస్త తగ్గాడు, పక్కవాడి వైపు చూశాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే ఇచ్చేసేవాడని ఇప్పటికీ నా నమ్మకం. అంతలో అతని కళ్లు నా బడి యూనిఫారం మీద పడ్డాయి. పండగ బట్టల కంటే అదే బాగుందని అమ్మే వేసింది.

"పాపా, ఇంగ్లీషు చదువుతావా? ఇది చదువు, మీ అమ్మకు నువ్వే చెప్పు," అని ఒక చీటీ వెనక్కి తిప్పి ఇచ్చాడు.

నేను చదివాను. మా టీచరు నేర్పినట్టు నిటారుగా నిలబడి, పెద్ద గొంతుతో, ఒక్క తప్పు లేకుండా చదివాను. అంతటితో ఊరుకోకుండా తెలుగులో అర్థం కూడా చెప్పాను: "మరకలు, గుర్తులు ఉన్న కూపన్లు చెల్లవంటమ్మా." వరసలో ఎవరో మెచ్చుకున్నారు. ఆ మనిషి నా తల నిమిరాడు. తెలుగువాళ్లకు టీపొడి అమ్మేటప్పుడు గోడల నిండా తెలుగు రాసినవాళ్లు, ఇవ్వకుండా ఎగ్గొట్టే మాట మాత్రం ఎందుకు ఇంగ్లీషులో రాసుకున్నారని అడగాల్సిన నోటితో నేను ఆ మాటే చదివి పెట్టాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "అట్లనే ఉండాదా పాపా?" అని ఒక్కసారి అడిగింది. నేను తల ఊపాను. ఆమె కట్ట తీసుకుని వరస నుంచి పక్కకు జరిగింది. చిన్నమ్మ చెయ్యి స్టవ్ మీదనుంచి తీయడానికి కొంచెం సేపు పట్టింది.

తిరుగు బస్సులో అమ్మ పక్క సీటావిడతో, "మా పాప ఇంగ్లీషు గడగడా సదివేసిందమ్మా, అంత మంది ముందర," అని గొప్పగా చెప్పుకుంది. చిన్నమ్మ కూడా నా చెంపలు పుణికింది. పుంగనూరులో దిగేటప్పుడు కూపన్ల కట్ట ఆమే తీసుకుపోయింది. తర్వాత సెలవులకు వెళితే తెలిసింది, పొయ్యి రాజేయడానికి రోజుకొక కూపను వాడుకుందట. ఆ కట్టెపొయ్యి ముందే ఇంకో పదేళ్లు దగ్గి దగ్గి, యాభై నిండకుండానే పోయింది.

ఇప్పుడు ధరల కార్డులు లేవు. మునెప్ప అంగడి ఉన్నచోట అద్దాల సూపర్ మార్కెట్ ఉంది, బేరమాడదామంటే అక్కడ ధర తగ్గించే అధికారం ఎవరికీ లేదు. అరచేతిలో ఫోనే కూపన్లు ఇస్తుంది, అదే చెల్లదంటుంది, ఎందుకని అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. వాటి కింద చిన్న అక్షరాలు నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఇంత చదువు వచ్చి ఎవరికి ఉపయోగమని నామీద నాకే కోపమొస్తుంది. నాకు చదవడం రాదని ఆ రోజు ఒక్క అబద్ధం ఆడి ఉంటే, అమ్మ పొద్దుగూకేదాకా ఆ మనిషితో కొట్లాడేది. మా అమ్మ తన జీవితంలో ఎదుటివాడి మాట ఒప్పుకుని వెనక్కి తిరిగింది ఆ ఒక్కసారే, అదీ నన్ను నమ్మి.