ఉంగరం వేలికి గ్రీజు

డెబ్బైలలో, డిసెంబరు చలిలో నా పెళ్ళి. మమ్మల్ని గుడివాడ నుంచి విజయవాడ చర్చికి తీసుకెళ్ళాల్సిన డీజిల్ వ్యాను పొద్దున్నే మొరాయించింది. చలిలో ఇంజన్ని వెచ్చబెట్టే హీటర్ ప్లగ్గులు వేడెక్కడం లేదని డ్రైవర్ చేతులెత్తేశాడు. ఆటో ఎలక్ట్రీషియనైన నాన్న ముందే చర్చికి వెళ్ళిపోయారు.

“పెళ్ళికూతురివి, బండి దిగకూడదే,” అంది పెద్దమ్మ.

“దిగకపోతే పెళ్ళెట్టా అవుద్ది?” అన్నాను.

నాన్న దగ్గర నేర్చిన పనే. ఒకదాని గుండా ఇంకోదానికి కరెంటు పోయేలా వరసగా కలిపిన ప్లగ్గులను బల్బు వైరుతో తాకుతూ పోయాను. మూడోదాని దాకా వెలిగిన బల్బు నాలుగోదాని దగ్గర వెలగలేదు. కరెంటు మూడోదాన్ని దాటడం లేదు, అది కాలిపోయిందన్నమాట. కరెంటు దాన్ని తప్పించుకుని పోయేలా దాని మీదుగా స్పానర్ అడ్డం పెట్టాను. నిప్పురవ్వలు లేచినా చెయ్యి తియ్యలేదు. బండి స్టార్టయింది.

చర్చి గుమ్మంలో అత్తగారు గ్రీజుతో నల్లబడ్డ నా వేళ్ళు చూసి, “గ్లవ్సు తొడుక్కో అమ్మా,” అన్నారు. తొడుక్కోలేదు. ఆ వేలికే ఉంగరం పెట్టించుకున్నాను.

ఫొటోలో మరక చెరిపేస్తానన్నాడు స్టూడియో ఆయన. ముట్టుకోవద్దన్నాను. ఆ పెళ్ళిలో నేను స్వయంగా చేసిన పని అదొక్కటే మరి.