రెంటచింతల శిబిరంలో అన్న ఎవరు?

నైజాం వైపు గొడవలు ముదిరి జనం కృష్ణ దాటి పల్నాడుకు వస్తున్నారని, శిబిరంలో వాళ్లకు జొన్నలు ఇస్తున్నారని గుంటూరులో విన్నాం. ఇవ్వడం లేదనీ విన్నాం. ఏది నిజమో చూసి రమ్మని మా పత్రిక నన్ను పంపింది. గుంటూరులో పొద్దున్నే మాచర్ల రైలెక్కితే మధ్యాహ్నానికి రెంటచింతలలో దిగవచ్చు. స్టేషన్ నుంచి శిబిరానికి బండి బాడుగ అర్ధరూపాయి. "ఈ ఎండల్లో మా ఊరు ఎవురూ కావాలని రారయ్యా. పెళ్లిచూపులా ఏంది?" అన్నాడు బండి తోలే సుబ్బయ్య. పనిమీద వచ్చానన్నాను. "అయితే సరే. పిల్లను తలుచుకుని జాలిపడబోయా," అన్నాడు.

శిబిరమంటే ఊరి చివర తాటాకు పందిళ్లు. నేను వెళ్లేసరికి జొన్నలు కొలిచే కార్యకర్త ఒకామెను తిప్పి పంపుతున్నాడు. పేరు ఎల్లమ్మ, చెరోపక్కా ఒక బిడ్డ. కారణం అడిగితే, నిరుడు వానల్లేక గింజలు తక్కువ, ఇక్కడ చుట్టాలున్నవాళ్లకు ఇవ్వకూడదని నిబంధన, అన్న ఇంట్లో ఉంటున్నానని ఆమే చెప్పింది, అన్నాడు.

"ఇక్కడ నీకు అన్న ఉన్నాడా?" అని ఎల్లమ్మను అడిగాను.

"ఉన్నడు. కోటయ్యన్న."

"ఒక్క తల్లి పిల్లలా?"

"ఆయన తల్లి నాకెరుక లేదయ్యా. పడవ దిగిననాడే ఆయన్ను మొదలు సూసుడు."

చుట్టం కాదు కదా అన్నాను. ఆ మాట కోటయ్యే వచ్చి చెప్పాలన్నాడు కార్యకర్త.

కోటయ్య ఇల్లు దగ్గరే. ఎల్లమ్మకిచ్చిన గొడ్లపాకలో ఆమె వేరుగా వండుకునే మూడు రాళ్ల పొయ్యి ఉంది, అందులో బూడిద చల్లగా ఉంది. సంగతి చెబితే కోటయ్య తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "చెల్లే అని పిలిచి పాక ఇచ్చా. నలుగురిలో ఏమీ కాదనమంటే, ఏందయ్యా ఇది?"

"మన గింజలూ అయిపోవచ్చినయ్. పిల్లలు మీ మాట తిని బతుకుతారా? పోయి చెప్పి రా," అంది లోపలి నుంచి భార్య.

వచ్చాడు. ఈమె నీకేమవుతుందని కార్యకర్త అడిగితే నేల చూస్తూ, "ఏమీ కాదు," అన్నాడు. ఎల్లమ్మ కొంగులో జొన్నలు పోశారు. ఆమె మూట కట్టుకుని, బిడ్డలతో వెళ్లి ఒక పందిరి కింద కూర్చుంది.

"ఇంటికి పా చెల్లే," అన్నాడు కోటయ్య.

"ఏమీ గానోళ్ల ఇంట్ల ఎట్లుంటనయ్యా?" అంది ఎల్లమ్మ.

అంతవరకూ 'అన్న' అని చెప్పుకున్న మనిషిని ఆమె 'అయ్యా' అనడం మా అందరికీ వినపడింది. కోటయ్య వెళ్లిపోయాడు.

జొన్నలు ఇస్తున్నారా లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది: ఇస్తున్నారు. దాన్ని వార్తగా ఎలా రాయాలో మాత్రం తిరుగు రైలులోనూ తేలలేదు. మధ్యాహ్నం ఆమెకు గింజలు లేవు, ఇల్లుంది. సాయంత్రానికి గింజలున్నాయి. నిబంధన తప్పనలేను, గింజలు నిజంగానే తక్కువ. కోటయ్య అబద్ధమూ ఆడలేదు. అయినా ఎక్కడో లెక్క తప్పింది.

సాయం పట్టుకుని ఇటు వచ్చేవారికి ఒక్క మాట: ఎవరికి ఎవరేమవుతారని అడగకండి, ఈ ప్రాంతంలో అందరూ ఏదో ఒకటి అవుతారు. పొయ్యి ఒకటేనా, వేరా అని అడగండి.