పిన్ని మార్చిన ప్లగ్గులు

మొన్న స్టేషన్ రోడ్డులో నా కారు కుదిపి కుదిపి చివరికి ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా దాని వయసు మాత్రం అడిగి, "బేచ్ దీజియే మేడమ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "అమ్మే సంగతి తర్వాత, ముందు ప్లగ్గులు తీసి చూడు" అన్నాను. అన్నాక నవ్వొచ్చింది. ఆ గొంతు నాది కాదు, మా పిన్నిది.

పిన్ని అంటే మా బాబాయి భార్య. రైల్వే ఆసుపత్రిలో నర్సు. బాబాయి పోయాక ఊరి చివర మోప్కాలో వాళ్లు కట్టుకున్న చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. అప్పటికి మోప్కా సగం పొలాలే. చీకటి పడితే ఆటోవాళ్లు అటు రామనేవారు. బాబాయి వదిలిపోయిన పాత పెట్రోలు కారు ఉండబట్టే ఆవిడ డ్యూటీకి వెళ్లి రాగలిగేది. అది మూలపడితే ఊళ్లో దయాల్‌బంద్‌లో మా ఇంటికి వచ్చేసి, మా నాన్న లేచే వేళకి లేచి, ఆయన చూసే వార్తలే చూస్తూ బతకాలి. నాన్న మంచివారే. కాకపోతే ఆయన మంచితనానికి కూడా టైమ్‌టేబుల్ ఉండేది, అందరూ దాని ప్రకారమే నడవాలి.

ఆ కారు ఒకసారి మొరాయించింది. స్టార్టవదు, ఒకవేళ అయితే వణుకుతుంది, పెట్రోలు మాత్రం తెగ తాగేస్తుంది. కబురు తెలియగానే నాన్న ఓ ఆదివారం తన స్నేహితుణ్ణీ నన్నూ ఆటో ఎక్కించి మోప్కా తీసుకెళ్లారు. వాళ్లిద్దరూ డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైన లోకో డ్రైవర్లు. చెరో వైపు నిలబడి బానెట్‌లోకి తల పెట్టారు, వాసన చూశారు, మూలిగారు.

"ఇంజన్ బోరుకొచ్చీసిందమ్మా, లోపలంతా అరిగిపోయింది" అన్నారు నాన్న. "కొనీవోణ్ణి మాట్లాడీసేను, మజ్జాన్నం వొస్తాడు. నువ్వు సామాన్లు సర్దీ, మనింటికి పోదాం."

పిన్ని ఇద్దరికీ టీ గ్లాసులందించి, నెమ్మదిగా అడిగింది. "బావగారూ, మీ డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గులు ఎన్నుండీవండీ?"

"డీజిల్‌కి ప్లగ్గులేటమ్మా? ఉండవు."

"అచ్ఛా. అయితే ప్లగ్గులున్న ఇంజన్ సంగతి నాను చూసుకుంటాను."

అప్పటికే కొత్త ప్లగ్గులు కొని తెచ్చి పెట్టుకుంది మహాతల్లి. కొంగు బిగించి, బాబాయి వాడిన ప్లగ్ పానా తీసింది. ఒక వైరును రబ్బరు టోపీ దగ్గర పట్టుకుని లాగి, ఆ ప్లగ్గు మార్చి, ఆ వైరు మళ్లీ దానికే తగిలించాకే రెండోదాని జోలికి వెళ్లింది. అన్నీ ఒకేసారి పీకేస్తే ఏ వైరు ఎక్కడిదో తెలియక కొత్త గొడవ మొదలవుతుందట. బాబాయి ఈ పని చేసినప్పుడల్లా పక్కన లైటు పట్టుకున్నది ఆవిడే. పాత ప్లగ్గులు మసి పట్టి, కొనలు అరిగిపోయి ఉన్నాయి.

చివరిది మాత్రం కదల్లేదు. నాన్న చెయ్యి చాపారు. "ఇలగియ్యి, ఒక్క పట్టు పడతాను."

"వొద్దండి. బలంగా తిప్పితే విరిగీసి లోపలుండిపోద్ది. అది విరిగిందంటే రాత్రికి నా మంచం మీ ఇంట్లో ఉంటాది."

దాని చుట్టూ కాస్త నూనె వేసి, మెట్టు మీద కూర్చుని తన టీ తాగింది. ఇంతలో కొనేవాడు వచ్చి, కారు అప్పుడే తనదైపోయినట్టు తలుపులు తీసి వేసి చూడసాగాడు. నాన్న ముఖంలో ఆశ కనిపించింది. నాన్న ఓడిపోవాలని నేను మనసారా కోరుకున్నది ఆ రోజే. ఇప్పటికీ అందుకు నాకేమీ బాధ లేదు.

పిన్ని లేచి మళ్లీ పానా వేసింది. కాస్త ఇటు, కాస్త అటు. కిర్రుమంది. వచ్చేసింది. కొత్తదాన్ని ముందు వేళ్లతోనే తిప్పి కూర్చోబెట్టి, తర్వాత పానాతో కొంచెమే బిగించింది. తాళం తిప్పితే కారు దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆపైన సాఫీగా అందుకుంది. నాన్న చెవి రిక్కించి విన్నారు. జీవితమంతా ఇంజన్ల చప్పుడు విన్న మనిషి, అబద్ధమాడలేకపోయారు.

"బాగానే ఉన్నాది" అన్నారు.

"గాడీ బికావూ నహీఁ హై, భయ్యా" అని, అమ్మేది లేదని చెప్పి కొనేవాణ్ణి పంపేసి, పిన్ని చేతులు కడుక్కుని వచ్చింది. "ఎక్కండి బావగారూ, మిమ్మల్ని దించీసి వొస్తాను."

ఆవిణ్ణి తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లం, ఆవిడ కార్లోనే ఇల్లు చేరాం. దారిపొడుగునా నాన్న కిటికీలోంచి బయటికే చూశారు. మా గుమ్మం ముందు అమ్మ లోపలికి రమ్మంటే, పిన్ని ఇంజన్ ఆపకుండానే "డ్యూటీ ఉందక్కా" అని బండి తిప్పేసింది.

తర్వాత కూడా నాన్న మా ఇంటికి వచ్చెయ్యమని అడుగుతూనే ఉన్నారు, పిన్ని కాదంటూనే ఉంది. రిటైరైంది, మోకాళ్లు అరిగాయి, జుట్టంతా తెల్లబడింది. కాలం ఎవర్నీ వదలనట్టే ఆవిణ్ణీ వదల్లేదు, ముసలిదాన్ని చేసింది. కాని ఆ పని మీద కాలమే మోప్కా దాకా రావాల్సి వచ్చింది. పిన్ని దయాల్‌బంద్ రాలేదు.