చేపను సముద్రంలోకి దించిన రోజు

హైటెక్ సిటీలో గుండ్రటి పెద్ద భవనం లేస్తున్న రోజుల్లో, మణికొండ దగ్గర ఒక రేకుల షెడ్డులో నా ఉద్యోగం. నగరమంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడుతుంటే, మేము నౌకాదళం కోసం యంత్రం తయారు చేస్తున్నాం. ఓడ తన వెనక, నీళ్ల అడుగున కేబుల్‌తో లాక్కుంటూ పోయే ఒక సెన్సార్ ఉంటుంది. సముద్రంలోని చప్పుళ్లు వింటుంది. ఆకారాన్ని బట్టి మేం దాన్ని చేప అనేవాళ్లం. చేపను చేసింది వేరేవాళ్లు. దాన్ని ఓడ మీది నుంచి దించడం, లాగడం, మళ్లీ పైకి తీయడం మా బాధ్యత. కడప నుంచి వచ్చిన నేను అప్పటికింకా సముద్రాన్ని చూడనేలేదు.

చిక్కంతా దించడంలోనే. ఓడ ఊగితే కేబుల్‌కు వేలాడే చేపా ఊగుతుంది, పోయి ఓడకే కొట్టుకుంటుంది. గోపన్‌పల్లి దగ్గర రాయి తీసి వదిలేసిన క్వారీలో వాననీళ్లు లోతుగా నిలిచి ఉండేవి. గట్టు మీద క్రేన్ పెట్టించి, దాని చేతిని అటూ ఇటూ ఊపిస్తూ, అదే ఓడ అనుకున్నాం. అసలు చేపంత బరువున్న ఇనుప చేపను దానికి వేలాడదీశాం. నీళ్లు తాకకముందే అది వెళ్లి రాతిగోడకు ఠంగుమని కొట్టుకుంది. ముక్కు సొట్టపోయింది.

నార్సింగి నుంచి వచ్చే మా వెల్డర్ తల పట్టుకున్నాడు. "ఏంది మేడం, గిట్లయితే అసలు చేప పుచ్చకాయ లెక్క పగుల్తది."

మా యజమాని గోదావరి జిల్లా మనిషి. "రాయికి తగిలింది కాబట్టి సరిపోయిందండి. ఓడకి తగిలితే నేవీ వాళ్లు మనల్ని మళ్లీ గేటు దాటనివ్వరు," అన్నారు.

తాళ్లు కట్టి ఊపు తగ్గించాలని చాలా అవస్థలు పడ్డాం. ఒక పొద్దున బస్సులో కడ్డీకి వేలాడుతూ, బ్రేకు పడ్డప్పుడల్లా ఊగిపోతున్నాను. చివరికి రెండు సీట్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. ఊపు ఆగిపోయింది. షెడ్డుకు పోతూనే చెప్పాను.

"దాన్ని వేలాడనీకూడదు సార్. మెడ పట్టుకోవల్ల. నీళ్లలో మునిగేదాకా వదలకూడదు."

రబ్బరు పట్టీలున్న రెండు పొడవాటి ఇనుప చేతులు గీశాను. అవి చేపను గట్టిగా పట్టుకుని నీళ్ల కిందికి తీసుకుపోయి, అక్కడ తెరుచుకుంటాయి. వెల్డర్ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "మస్తుంది. మరి నీళ్లల్ల తెరుచుకోకుంటే?"

"అందుకే కదా క్వారీ."

క్రేన్‌ను ఎంత ఊపినా ఈసారి చేప కదల్లేదు. నీళ్లలో చేతులు తెరుచుకున్నాయి. గట్టు మీద మేము వేసిన కేకలకు పక్కన మేస్తున్న గొర్రెలు చెదిరి పరుగెత్తాయి.

విశాఖలో ఓడ ఎక్కేముందు నౌకాదళ అధికారి నన్ను చూసి ఆగాడు. "ఈవిడ కూడా వస్తారా?"

"గీసిందే ఆవిడండి. ఆవిడ రాకపోతే మేమూ రామండి," అన్నారు మా యజమాని.

రేవు దాటగానే ఓడ ఊగడం మొదలైంది. ఓడ అంచు పట్టుకుని రెండుసార్లు వాంతి చేసుకున్నాను. అలలు పెరుగుతున్నాయి, రేపు చూద్దామా అన్నాడు అధికారి. మూతి తుడుచుకుని చెప్పాను: "ఇట్లాంటి సముద్రం కోసమే చేసినాం సార్. దించనీండి."

చేతులు చేపను పట్టుకుని నురగలోకి దిగాయి. ఓడ లేచింది, పడింది. చేప కదల్లేదు. నీళ్ల కింద చేతులు విడిపోయాయి, కేబుల్ సాఫీగా జారుతూ పోయింది. కాసేపటికి లోపలి గదిలోంచి, చప్పుళ్లు అందుతున్నాయి, చేప మాట్లాడుతోందని ఎవరో అరిచారు. పైకి తీసేటప్పుడు దాని మెడ వచ్చి చేతుల మధ్య టక్కున కూర్చుంది. ఒక్క గీత పడలేదు.

"మళ్లీ ఒకసారి," అన్నాడు అధికారి. చేతుల్ని నడిపే లివర్ నాకు చూపించి, "ఈసారి మీరే."

నేనే దించాను. నేనే తీశాను. "జబర్దస్త్ మేడం!" అని వెల్డర్ అరిచిన అరుపు అలల హోరును దాటి వినిపించింది. ఓడలోని జవాన్లు చప్పట్లు కొట్టారు.

రేవులో దిగగానే అధికారి, రెండో యంత్రం ఎప్పుడిస్తారని మా యజమానిని అడిగాడు.

"ఆవిడనే అడగండి," అన్నారాయన.

"దీపావళి లోపల," అన్నాను.