కుడి పక్క వేణువు

గాజువాక నుంచి ద్వారకా నగర్ వెళ్ళే బస్సులో రోజారమణి కుడివైపు కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆ సీటు దొరక్కపోతే నిలబడుతుంది. గాలి కోసమేమో అనుకునేవారు తోటి ప్రయాణికులు. అసలు సంగతి ఆమె కుడి చెవి. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి. జ్వరం తగ్గింది గానీ, దాంతోపాటు ఆ చెవి కూడా పోయింది. పక్కనున్న మనిషి ఎడమవైపు ఉంటేనే ఆమెకు మాట అందుతుంది.

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆమె రిసెప్షనిస్టు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులతో పొద్దస్తమానం మాట్లాడే ఉద్యోగం. కుర్చీని కొంచెం వాలుగా వేసుకుని నెట్టుకొస్తోంది. ఆ చెవి సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. తెలిసింది అయినవాళ్ళకే. ఊళ్ళో తల్లి దేముడమ్మ వాళ్ళకి, ఇక్కడ భర్త చందుకి. చందు ఆమెకు మేనమామ కొడుకు. ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు.

ఇంత చెప్పాక ఆమెకు పాటలంటే పిచ్చి అంటే నవ్వొస్తుంది గానీ, అది నిజం. చీపురుపల్లి దగ్గర పల్లెటూళ్ళో రేడియోకి ఎడమ చెవి ఆనించి పెరిగిన పిల్ల. ఉద్యోగం వచ్చాక సీడీలు కొని కంప్యూటర్లోకి ఎక్కించింది. లలిత గీతాలు, వీణ కచేరీలు, నాదస్వరం, హరికథలు, వరి నాట్లప్పుడు వాళ్ళ ఊళ్ళో పాడే ఊడుపు పాటలు, అన్నీ ఒక హార్డ్ డిస్కులో చేరాయి. పాటల పేర్లు సరిగ్గా పెట్టుకోవడానికే ఆమెకు కొన్ని వేసవి సెలవులు పట్టాయి. వినడం మాత్రం ఎప్పుడూ ఇయర్‌ఫోన్‌లోనే. ఒకటి ఎడమ చెవిలో, రెండోది మెళ్ళో వేలాడుతూ. ఫోన్ స్పీకర్లో పెడితే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంటుందని ఆమెకు గిట్టదు.

ఒకనాడు చందు పని నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా మొదలెట్టాడు.

"రవణా, పాతూర్లో రజాక్ భాయ్ కొట్టుకెల్లినాను. ఆయన ఏదో రాడ్డు లేత్ మీద తిప్పి ఇమ్మన్నాడు గదా, ఇచ్చీసి వొత్తంటే ఓ సెట్టు సూపించినాడు. ఓడోళ్ళ దగ్గర కొన్నదంట ఒకప్పుడు. ఏటి సౌండనుకున్నావు! గుండెల మీద కూకున్నట్టుంది."

"మనకెందుకు బావా? ఎక్కడెడతాం?"

"నీ పాటలన్నీ ఆ డిస్కులో మూలుగుతన్నాయి గదే. ఓసారొచ్చి సూడు. నచ్చకపోతే ఒగ్గీ."

మర్నాడు సాయంత్రం ఇద్దరూ వెళ్ళారు. అబ్దుల్ రజాక్ కొట్టు పాత స్టీరియోలతో, టేపు రికార్డర్లతో సందు దాకా పొంగి ఉంటుంది. హార్బర్‌కి వచ్చే ఓడల్లోంచి దిగిన సామాను ఆయన తండ్రి అమ్మేవాడు. ఇప్పుడు ఆయన వాటికి మళ్ళీ ప్రాణం పోసి అమ్ముతున్నాడు. వెండి రంగు ఆంప్లిఫయర్, చెక్క పెట్టెల్లో పెద్ద స్పీకర్లు రెండు. ఆయన ఏదో కవ్వాలీ పెట్టి మీట తిప్పగానే రోజారమణి కాళ్ళ కింద నేల అదిరింది. చప్పట్లు వచ్చి ఒంటికి తగిలాయి. ఆమె పాటను అలా ఒళ్ళంతా ఎప్పుడూ వినలేదు.

"దీనికి నా డిస్కులో పాటలు ఎక్కుతాయా, భాయ్?" అంది ఆత్రంగా.

"ఎందుకెక్కవు బేటీ? ఇదిగో, ఈ చిన్న డబ్బా. దీన్ని ఆంప్లిఫయర్‌కి తగిలించు. డిస్కుని ఇంట్లో వైఫై డబ్బాకి తగిలించు. ఫోన్లో పాట నొక్కితే గాల్లోంచే వచ్చి పడతాది. ముసలి మనిషికి కొత్త పళ్ళు కట్టించినట్టు, అంతే!"

ఆటోలో స్పీకర్లను దుప్పట్లో చుట్టి, చెరొకటి ఒళ్ళో పెట్టుకుని బయల్దేరారు. పోర్టు రోడ్డులో లారీల వెనక ఇరుక్కున్నప్పుడల్లా ఆమె దుప్పటి సర్దుతూనే ఉంది. "పసిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకున్నావేటే," అని చందు నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. ఎర్ర తీగ ఎర్ర రంధ్రంలో, తెల్ల తీగ తెల్ల రంధ్రంలో. స్పీకర్లు గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి. ఫోన్ తెరిస్తే ఆమె పాటలన్నీ వరసగా కనబడ్డాయి. నొక్కింది. పాట వచ్చింది, నత్తిగా. నాలుగు మాటలు పాడి ఆగుతుంది, మళ్ళీ అందుకుంటుంది.

"కుదర్దేటి ఇది?" అన్నాడు చందు నీరసంగా.

రజాక్‌కి ఫోన్ చేస్తే ఆయన మొదటి ప్రశ్న, "వైఫై డబ్బా ఎక్కడ పెట్టావమ్మా?"

"బెడ్‌రూమ్‌లో, బీరువా వెనకాల."

"ఇనప బీరువా వెనకాలా? పాటకి ఊపిరాడొద్దా? బయటికి తియ్!"

డబ్బా వచ్చి గుమ్మం పైన చెక్క అలమర్లో కూర్చుంది. రోజారమణి ఈసారి తనకు ప్రాణమైన పాట పెట్టింది. వీణ మీద నడిచే ఒక పాత లలిత గీతం. ఏళ్ళ తరబడి బస్సులో విన్నది. ఎక్కడ వీణ మలుపు తిరుగుతుందో, ఎక్కడ గాయని ఊపిరి తీసుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. వీణ మొదలైంది. పల్లవి అయింది. పల్లవికీ చరణానికీ మధ్య ఎప్పుడూ ఉండే చిన్న నిశ్శబ్దం వచ్చింది.

ఆ నిశ్శబ్దంలో వేణువు మోగింది.

ఆమె లేచి బాల్కనీలోకి పరిగెత్తింది. వీధిలో పిల్లనగ్రోవులు అమ్ముకునేవాడు వచ్చాడేమోనని అటూ ఇటూ చూసింది. కింద ఇంటావిడ పద్మావతి గారు బట్టలు ఆరేస్తున్నారు. అంతకు మించి ఎవరూ లేరు.

"ఏటి, ఎక్కడికెల్లినావు?"

"ఎవడో ఏణువు వాయిస్తన్నాడు బావా. పాటలో కలిసిపోతంది."

చందు తెల్లబోయాడు. "పాటలోదే గదే అది!"

"ఈ పాటలో ఏణువు లేదు. నాకు తెల్దేటి?"

చందు వెళ్ళి కుడి స్పీకర్‌కి చెవి ఆనించాడు. "ఇదిగో, ఇందులోంచి ఒస్తంది. అందులో ఈణ, ఇందులో ఏణువు. సూసుకో."

ఆమె మంచం మీది తలగడ తెచ్చి కుడి స్పీకర్‌కి అదిమి పట్టింది. వేణువు సన్నగిల్లి, తనకు తెలిసిన పాట మిగిలింది. తలగడ తీసింది. వేణువు వచ్చేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. అప్పుడు అర్థమైంది. పాట రెండు పక్కలా పోసి పెట్టిన వస్తువు. ఎడమ పక్కది ఎడమ ఇయర్‌ఫోన్‌లోకి, కుడి పక్కది కుడిదాంట్లోకి. కుడిది ఇన్నేళ్ళూ తన మెళ్ళో వేలాడుతూ ఎవరికీ వినబడకుండా పాడుకుంటూ పోయింది! ఇప్పుడు రెండు స్పీకర్ల పాటా గదిలో కలిసి, ఆ ఒక్క ఎడమ చెవికే చేరుతోంది.

"బావా! నాను సగమే ఇన్నాను బావా! అన్నీ సగమే ఇన్నాను!" అని ఆమె చందు భుజాలు పట్టి ఊపేసింది. బాధపడుతోందేమోనని అతను మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళు దీపాల్లా ఉన్నాయి. "అంటే ఇంకా సగం ఉంది గదా! మొత్తం డిస్కంతా ఇంకా సగం ఉంది!"

ఇక ఆ పూట వంట లేదు. ఒక పాట తర్వాత ఒకటి పెట్టింది. ఒకదాంట్లో కొత్తగా మృదంగం దొరికింది. ఇంకొకదాంట్లో కోరస్. హరికథలో వెనక నుంచి వయొలిన్ ఆయన దాసుగారిని ఎంత ఆటపట్టిస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. ఒక పాట దగ్గర మాత్రం ఆమె కింద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇందులో మగ గొంతు కూడా ఉందే! ఇన్నాళ్ళూ ఆవిడొక్కర్తే పాడతందనుకున్నాను. మద్దెలో అన్నిసార్లు ఆగిపోతంటే, పాపం ఆయాసం మనిషేమో అనుకున్నాను!"

చందు నవ్వుతూ కింద హోటల్ నుంచి ఇడ్లీలు తెచ్చాడు. గోల ఏమిటో చూడ్డానికి పైకి వచ్చిన పద్మావతి గారు కూడా రెండు పాటలు విని, ఇడ్లీ తిని వెళ్ళారు.

సాయంత్రం రజాక్‌కి ఫోన్ చేసి ఈ వింతంతా చెప్పింది. తన చెవి సంగతి ఆయనకు చెప్పేశానని ఫోన్ పెట్టేశాక గానీ ఆమెకు తోచలేదు. అంత సంబరంలో ఉంది. ఆయన ఓపిగ్గా విని అన్నాడు.

"అరె, ముందే చెప్పొద్దా బేటీ? నీ ఫోన్లోనే ఉంటాది ఓ మీట. సెట్టింగ్స్‌లో వెతుకు. అది నొక్కితే రెండు పక్కలూ కలిపి ఒక్క చెవికే ఇస్తాది."

"నా ఫోన్లోనా?"

"ఎప్పట్నుంచో ఉంది."

ఆమె ఫోన్‌ని చేతిలో తిప్పి చూసి, "దొంగమొగమా!" అని దాన్నే తిట్టింది.

ఆ వారంలోనే దేముడమ్మ ఊరి నుంచి మునగాకు, బెల్లం పట్టుకుని వచ్చింది. కూతురి చెవి విషయంలో ఆమెకు ఒక ముల్లు దిగబడి ఉంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు ఊడుపుల రోజులు. పసుపూ సున్నమూ రాసి తగ్గిపోతుందనుకుని పొలానికి వెళ్ళిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. మొదట్లోనే తెచ్చినా చెవి నిలిచేదని చెప్పలేమని డాక్టరు అన్నాడు గానీ, ఆ మాట ఆమె లోపలికి వెళ్ళలేదు. కూతురు ఒక్క చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇప్పటికీ చూపు తిప్పేసుకుంటుంది.

"అమ్మా, ఇలా కూకో. నీ పాటే ఎడతాను," అంది రోజారమణి.

అది రెండేళ్ళ కిందట ఊళ్ళో గట్టు మీద చిన్న రికార్డర్ నిలబెట్టి తీసుకున్న ఊడుపు పాట. మడిలో ఎడమవైపు దేముడమ్మ జట్టు, కుడివైపు ఆమె స్నేహితురాలు గంగాభవాని జట్టు. ఇంతకాలం తల్లి గొంతే స్పష్టంగా వినబడేది. అవతలి జవాబులు దూరంగా గొణుగుళ్ళలా ఉండేవి. చివర్లో అందరూ ఒక్కసారిగా ఎందుకు నవ్వుతారో ఆమెకు తెలిసేది కాదు.

ఎడమ స్పీకర్లోంచి దేముడమ్మ అందుకుంది.

"ఊడుపుకెల్లొస్తే మావ ఉలవసారు పెడతానన్నాడే..."

కుడి స్పీకర్లోంచి గంగాభవాని ఖంగుమని జవాబిచ్చింది.

"పెట్టలేదు పిల్లా, పొయ్యి సూపించి పొడుకున్నాడే!"

మడంతా నవ్వింది. గదిలో రోజారమణి కూడా సరిగ్గా ఆ క్షణానే పగలబడి నవ్వింది.

దేముడమ్మ ఉలిక్కిపడి కూతురి వైపు తిరిగింది. "ఓలమ్మ! గంగాభవాని మాట నీకు ఇనబడినాదేటి?"

"ఇనబడినాదమ్మా! నాన్నని ఎంత మాటన్నాదీ!"

దేముడమ్మ చెయ్యి చాచి కూతురి కుడి చెవి తడిమింది. తర్వాత మెల్లగా అంది, "నాను బేగి తీసుకెల్లుంటే..."

"అమ్మా, డాక్టరేటన్నాడో మర్చిపోనావేటి? అది ఒగ్గీ. ఇంకోటుంది, ఇను. ఇందులో నువ్వే గంగాభవాని పిన్నిని తిట్టినావు."

తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఏటి తిట్టినానే?" అని ముందుకు జరిగింది. రెండో పాట సగంలోకి వచ్చేసరికి ఆమె కూడా గొంతు కలిపింది. చందు పని నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడుపు మడిలా ఉంది. ఆ సాయంత్రమే దేముడమ్మ గంగాభవానికి ఫోన్ చేసి, "మా పిల్ల నీ తిట్లన్నీ ఇనేసినాదే!" అని గర్వంగా చెప్పింది.

తర్వాతి సోమవారం రోజారమణి తమ మేనేజరు జయంత్‌కి చెవి సంగతి చెప్పింది. ఎందుకో అది ఇప్పుడు చాలా తేలిగ్గా చెప్పేయగల మాట అయింది. ఆయన "అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని, తలుపు ఆమెకు ఎడమవైపు వచ్చేలా కౌంటర్ జరిపించాడు.

ఊడుపుల వేళకి ఆమె సెలవు పెట్టి ఊరెళ్ళింది. గట్టు మీద రికార్డర్ నిలబెడుతుంటే, మోకాలి లోతు బురదలోంచి గంగాభవాని కేకేసింది.

"ఒలే రవణా, ఇటు పక్క గట్టిగా పడతాదా?"

"పడతాది పిన్నీ. నువ్వు అందుకో."

గంగాభవాని చీర కుచ్చెళ్ళు పైకి దోపి, దేముడమ్మ వంక కొంటెగా చూసి, గొంతెత్తింది.